స్విచ్ మీది ఎర్ర అట్ట

మొన్న పాల్వంచ బస్టాండులో ఎవరో పెద్దమనిషి బస్సెక్కబోతూ రెండు అరచేతులూ ఒకదానికొకటి రాసి దులుపుకున్నాడు. అంతే, నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. చండ్రుగొండ బస్సు హారన్ కొట్టి కొట్టి నన్ను వదిలేసి వెళ్లిపోయింది. పోతే పోనీ అనుకున్నాను. అలా చేతులు దులుపుకోవడం నాకు తెలిసిన ఇంకొక మనిషి అలవాటు. ఆయన లెక్కలో దానికి అర్థం, "నా డ్యూటీ అయిపోయింది, దిగుతున్నా" అని.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు జీతాల పట్టీలో ఉంటే చాలు, పనిలో ఎందుకు అనేవాడు. మా పిల్లలకు షిఫ్ట్ తాత. నాకు సార్. రోజును ఉదయం, మధ్యాహ్నం అని ఎప్పుడూ విభజించలేదు. పొద్దున ఆరింటి నుంచి ఏ షిఫ్ట్, రెండింటి నుంచి బీ షిఫ్ట్, రాత్రి పదింటి నుంచి సీ షిఫ్ట్. రిటైరై ఎన్నేళ్లయినా అన్నం ఆ వేళలకే తినేవాడు. ఆకాశం వైపు చూసి, "ఇది బీ షిఫ్ట్ వాన టీచరమ్మా, రెండింటికి ఎక్కుతది, జల్దీ బట్టలు తీయించు" అనేవాడు. నిజంగానే రెండింటికి ఎక్కేది.

మొదట ఆయన్ని చూసింది ఒక పెళ్లినాడు. ఎండాకాలం మధ్యాహ్నం. ఇప్పపూల కాలం అయిపోయినా ఊళ్లో ఆ వాసన ఇంకా పోలేదు. అది గాలిలో ఉన్నన్నాళ్లూ మనిషికి మెలకువలోనే సగం నిద్ర పట్టినట్టుంటుంది. సెలవులే అయినా ఏవో రికార్డులు రాయడానికి బడికి వచ్చాను. పక్కన పెళ్లి పందిట్లో డీజే మోత. కిటికీ రేకులు వణుకుతున్నాయి. చెవుల్లో వేళ్లు పెట్టుకుని, ఆ డీజే వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ వరండాలోకి వచ్చాను.

వరండాకు ఒక చివర సారక్క. మా ఐదో తరగతి పిల్ల, పుట్టుకతోనే చెవులు వినపడవు. ఇంకొక చివర తెల్లచొక్కా ముసలాయన, పెళ్లికొచ్చిన చుట్టం. లోకమంతా ఊగిపోతుంటే వీళ్లిద్దరూ నీళ్లలో అడుగున కూర్చున్నట్టు నిమ్మళంగా ఉన్నారు.

కాసేపటికి ఆయన పిడికిలి బిగించి గాలిలో చక్రం తిప్పినట్టు తిప్పాడు. సారక్క చూసింది. తనూ తిప్పింది. ఆయన అరచేయి అడ్డంగా చాపాడు. పిల్ల ఠక్కున ఆపింది. ఆయన బొటనవేలు పెదవికి ఆనించి తల వెనక్కి వంచాడు. ఆ పిల్ల పకపకా నవ్వి, లేచి వెళ్లి పెళ్లి పందిట్లోంచి చాయ్ తెచ్చి ఇచ్చింది.

"ఏం సార్, మీకు సైగలు వచ్చా?" అని అడిగాను. పలకలేదు. దగ్గరికి వెళ్లి అరిచాను.

"పవర్‌హౌస్ల నేర్చిన," అన్నాడు, కావలసిన దానికంటే పెద్ద గొంతుతో. "టర్బైన్ పక్కన నిలబడ్డంక నోటితోని పని గాదు. వాల్వ్ తిప్పు, ఆపు, మనిషి పడ్డడు, చాయ్ వచ్చింది. అన్నీ చేతులే."

"చెవులు అక్కడే పోయినయా?" నా నోటికి అడ్డూ ఆపూ లేదు, చిన్నప్పటి నుంచీ అంతే.

ఆయనేం నొచ్చుకోలేదు. "నేనే పోగొట్టుకున్న. చెవులకు బిరడాలు పెట్టుకొమ్మని ఇచ్చిన్రు. పెట్టుకుంటే మిషన్ మాట వినపడదని తీసి జేబుల ఏసుకునేటోన్ని. ఇప్పుడు మిషన్ మాట లేదు, మనిషి మాట లేదు." నవ్వాడు. తర్వాత సారక్క వైపు గడ్డం ఎత్తి, "ఈ పిల్ల సంగతేంది?" అన్నాడు.

పిల్ల సంగతి చెప్పాను, ఆ డీజే మోతలో, గొంతు చించుకుని.

సారక్క తల్లి ముత్తమ్మ మా బడిలోనే వంట చేస్తుంది. తల్లీబిడ్డలు ఇంట్లో కల్పించుకున్న సైగలు ఓ యాభై ఉంటాయేమో. అన్నం, వాన, పాము, తునికాకు, కోపం. వాటితో రోజు గడుస్తుంది గానీ చదువు గడవదు. పదిహేను రోజులకొకసారి కొత్తగూడెం నుంచి సైగల టీచరమ్మ వచ్చి పాఠం చెప్పేది. వాగు పొంగితే అదీ లేదు. ఇలా లాభం లేదని, వినపడని పిల్లల హాస్టల్లో వేద్దామని, ఖమ్మం పంపే ఫారం ఇచ్చి వెళ్లింది ఆమె. తల్లి సంతకం పెట్టాలి. ముత్తమ్మ పెట్టదు. "దానికి కడుపుల నొస్తుందంటే నాకు తెలుస్తది టీచరమ్మా. ఆడ ఎవరికి తెలుస్తది?" అని ఆ ఫారం వైపు పామును చూసినట్టు చూసేది.

చివరికి సైగల టీచరమ్మే ఒక దారి చెప్పింది. రోజూ పదకొండింటికి అరగంట వీడియోలో పాఠం చెప్తాను, పెద్ద తెర ఉండాలి, ఆగకుండా నెట్ రావాలి, దసరా సెలవుల దాకా చూద్దాం, కుదరకపోతే మాత్రం సంతకం పెట్టించండి అంది. మా బడిలో ఫోన్‌కు ఒక్క గీత రాదు. గుట్ట ఎక్కితే రెండు వస్తాయి. పంచాయతీ ఆఫీసుకు తీగ నెట్, వైఫై ఉన్నాయి గానీ అది వంద గజాల అవతల, మధ్యలో టేకు చెట్లు. ఆ ఆఫీసు అరుగు మీదే ఫోన్ పట్టుకుని ఒకరోజు చూశాం. అంత చిన్న తెరలో వేళ్లు కనపడలేదు. పైగా పింఛన్ల కోసం వచ్చిన జనం పిల్ల చుట్టూ మూగి వింత చూశారు. సారక్క మళ్లీ అటు అడుగు పెట్టలేదు.

ఆయన నా పెదవుల వైపే చూస్తూ అంతా విన్నాడు. "పెద్ద తెర నా దగ్గర ఉన్నది," అన్నాడు. లేచి, అరచేతులు దులుపుకుని, బస్సు దారి చూపించి సారక్కకు సలాం కొట్టాడు. ఇలాంటి మాటలు చెప్పి వెళ్లినవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి నేను నమ్మలేదు.

బడి తెరిచిన వారానికి ఆటో వచ్చి ఆగింది. దుప్పట్లో చుట్టి, పాత చీర పేలికతో కట్టిన కంప్యూటర్ ఒళ్లో పెట్టుకుని ఆయన దిగాడు.

"పాతది. అందుకే లినక్స్ ఎక్కించిన," అన్నాడు. "మిగిలిన కంప్యూటర్లు ఏమైనా అయితే టింగుమంటయి. నాకేం తెలుస్తది? ఇది గట్ల గాదు. లోపల ఏం జరిగినా రాసి చూపెడ్తది. ఏది పనిచేసింది, ఏది చెయ్యలే, ఎందుకు చెయ్యలే. చెవిటోనికి ఇంతకంటే మంచి దోస్తు ఏడ దొరుకుతడు?"

చొక్కా జేబులోంచి చిన్న పెట్టె తీశాడు. వైఫైని దూరం నుంచి పట్టుకొచ్చే యూఎస్‌బీ పరికరం. వేలెడంత ఉంది, దానికి జానెడు యాంటెన్నా. ఏ కంప్యూటర్‌కైనా పనికొస్తుందని పెట్టె మీద రాసి ఉంది. లినక్స్‌ను వాళ్లు కంప్యూటర్ల లెక్కలో వేసుకోలేదని మాకు తర్వాత తెలిసింది.

ఆయన పని మొదలుపెట్టే తీరు చూడాలి. ముందు సంచిలోంచి గళ్ల అట్టల లాగ్‌బుక్ తీసి తేదీ వేసి, ఏ షిఫ్టో రాసేవాడు. కంప్యూటర్ డబ్బా విప్పాల్సి వస్తే స్విచ్ ఆపి, దానికి ఒక ఎర్ర అట్ట తగిలించేవాడు. అరచేయంత అట్ట, బెజ్జంలోంచి పురికొస. నల్ల ఇంకుతో గుండ్రటి అక్షరాలు: "మనిషి పని మీద ఉన్నాడు. స్విచ్ వేయరాదు." కింద సంతకం. పని అయ్యాక తనే తీసి, తీసిన సమయం పుస్తకంలో ఎక్కించేవాడు. ఒక్క బల్బుంటే చాలనుకునే మా బడిలో ఈ హంగామా ఏమిటని నాకు నవ్వొచ్చేది.

ఆ రోజు పరికరం పెట్టాడు. దానికున్న నీలం లైటు వెలగలేదు. ఏవో అక్షరాలు కొట్టాడు. నల్లటి తెర మీద తెల్లటి వరుసలు పైకి పాకుతూ పోయాయి. వేలితో ఒక్కొక్కటే చదువుతూ వచ్చి ఒకచోట ఆగి నవ్వాడు.

"ఇది వేషం కట్టింది!"

"ఏంది సార్?"

"నేను వైఫైని గాను, సీడీ ముక్కను అని కంప్యూటర్‌కు చెప్తున్నది. దీనితోని ఎట్ల మాట్లాడాలో చెప్పే ఫైల్ ఉంటది, డ్రైవర్ అంటరు. గది పొట్టల దాచుకొని వచ్చింది. గది కూడా మనకు అక్కరకొచ్చేది కాదు. ముందు ఈ వేషం ఇప్పియ్యాలె."

ఇంకేదో కొట్టాడు. ఆ సీడీ పేరు మాయమై, రెండు క్షణాల తర్వాత ఇంకో పేరుతో తేలింది. ఒకటో తరగతిలో కొత్త పిల్లలు పేరడిగితే మొదట అన్న పేరు చెప్పి, బుజ్జగించాక అసలు పేరు చెప్తారు, అలాగే. ఆయన ఆ అసలు పేరునూ దాని పక్కనున్న నంబరునూ పుస్తకంలో రెండుసార్లు రాసుకున్నాడు. ఒకసారి రాసింది రెండోసారితో సరిపోవాలట.

పేరైతే చెప్పింది గానీ పని చేయదు. మన లినక్స్‌కు సరిపోయే డ్రైవర్ కావాలి. అది నెట్‌లో ఉంది. నెట్ రావాలంటే డ్రైవర్ ఉండాలి. నాకు తల తిరిగింది. ఆయనకు మాత్రం ఇదేమీ చిక్కులా కనపడలేదు. పాల్వంచలో కిరాయింట్లో నెట్ ఉంది, పెన్‌డ్రైవ్ ఉంది, రెండు బస్సులు మారితే బడి ఉంది.

అలా ఆ ఆషాఢమంతా వచ్చాడు. వచ్చి, తెచ్చిన ఫైలు ఎక్కించేవాడు. అది ఇంకొకటి కావాలనేది. ఆ ఇంకొకటి తెస్తే, దానికి వేరొకటి తోడు కావాలనేది. ప్రతిసారీ తెర మీద వచ్చిన తప్పుల వరుసలన్నీ కూర్చుని చేత్తో రాసుకునేవాడు. బయట సన్నటి జల్లు, టేకాకుల మీద దాని చప్పుడు, లోపల పిల్లల ఎక్కాలు. ఇవేవీ వినపడని మనిషి, తల వంచుకుని రాతకోతల్లో మునిగిపోయేవాడు. నేను పాఠం చెప్తూ చెప్తూ ఆ వంగిన వీపునే చూస్తూ ఉండిపోయేదాన్ని. మళ్లీ ఎక్కడ ఆపానో పిల్లలే గుర్తుచేసేవాళ్లు.

ఒకరోజు ఉండబట్టలేక అరిచాను. "ఫోన్‌తోని ఫోటో కొట్టుకోవచ్చు గద సార్! అరనిమిషం పని."

"ఫోటో తీస్తే ఫోన్ చదువుతది టీచరమ్మా. రాస్తే నేను చదువుత."

సారక్క ఆయన పక్కనే నిలబడి ఉండేది. వెళ్లేముందు ఆయన లాగ్‌బుక్ ఆ పిల్ల ముందుకు జరిపేవాడు. చివర్లో రెండు గళ్లు. చార్జ్ ఇచ్చినవారు, చార్జ్ తీసుకున్నవారు. మొదటి గడిలో ఆయన సంతకం. రెండో గడిలో సారక్క నాలుక కొద్దిగా బయటపెట్టి తన పేరు రాసేది. తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ఆయన చేతులు దులుపుకుంటే ఆ పిల్ల తన గుండె మీద అరచేయి పెట్టుకునేది. నీ డ్యూటీ దిగింది, నాది ఎక్కింది అని. ముసలాయనకూ పిల్లకూ మంచి ఆట దొరికింది అనుకునేదాన్ని.

ఆయన కోపం నేను ఒక్కసారే చూశాను. డబ్బా విప్పి లోపలి తీగలేవో మారుస్తూ, మధ్యలో చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్లాడు. నా ఫోన్ చచ్చిపోయే స్థితిలో ఉంది. ఆ ఎర్ర అట్ట తీసి బల్ల మీద పెట్టి, ప్లగ్ మార్చి స్విచ్ వేశాను. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఆయన. చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఎవరు తీసిన్రు?"

"నేనే సార్, ఫోన్ పెడదామని..."

వచ్చి స్విచ్ ఆపాడు. అట్ట మళ్లీ తగిలించాడు. "ట్యాగు ఏసినోడే తియ్యాలె. పెద్ద ఆఫీసరైనా సరే, ముట్టొద్దు. ఏసినోడు లేకుంటే, వాని చార్జ్ తీసుకొని పుస్తకంల సంతకం పెట్టినోడు తియ్యాలె, గది గూడ వాడు రాసిస్తేనే. మా దగ్గర ఒకడు గిట్లనే తీసిండు." అక్కడ ఆగాడు. రెండు చేతులూ ఎత్తి, ఏదో చూపబోయి, దించేశాడు. "లోపల మనిషి ఉన్నడని వానికి తెల్వదు."

నా మొహం కందిపోయింది. సిగ్గుతో సగం, ముసలాయన పిల్లల ముందు అరిచాడన్న రోషంతో సగం. ఆ రోజు నుంచి బడిలో ఒకటో తరగతి పిల్ల కూడా ఆ ఎర్ర అట్ట దరిదాపులకు వెళ్లలేదు.

డ్రైవర్ చివరికి ఒక ఏ షిఫ్ట్‌లో కుదిరింది. తప్పుల వరుసలేవీ లేకుండా తెర చివరిదాకా పాకి ఆగింది. నీలం లైటు ఒకసారి మిణుకుమంది. కానీ పంచాయతీ వైఫై అందీ అందనట్టు వస్తోంది, తడిసిన టేకాకులు అడ్డం. ఆయన పొడుగు తీగతో పరికరాన్ని కిటికీలో పెట్టి, కాసేపు ఆలోచించి, వంటగదిలోకి వెళ్లి గంజి వార్చే అల్యూమినియం జల్లిగిన్నె ఎత్తుకొచ్చాడు. దాన్ని యాంటెన్నా వెనక, నోరు పంచాయతీ వైపు తిప్పి నిలబెట్టాడు.

"ఓ తాతా! గంజి దేంట్ల వార్చాలె? నా నెత్తి మీదనా?" అని ముత్తమ్మ గరిటె పట్టుకుని వెంటపడింది.

ఆయనకు వినపడలేదు, లేదా వినపడనట్టు ఊరుకున్నాడు. నీలం లైటు గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. పదకొండింటికి తెర మీద సైగల టీచరమ్మ కనపడింది. ఇంతెత్తు మనిషి, ఇంతింత చేతులు, ఒక్కో వేలూ స్పష్టంగా. ఆమె చేతులు కదిపింది. సారక్క తనవి కదిపింది. ముత్తమ్మ గరిటె అలాగే పట్టుకుని గుమ్మంలో చతికిలబడింది. మర్నాడు ఆయనే చండ్రుగొండ సంతలో కొత్త జల్లిగిన్నె కొనుక్కొచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

ఆ శ్రావణం నాకు కలలాగే గుర్తుంది. పొద్దున మంచుపొర గుట్ట దిగి బడి గోడల దాకా వచ్చేది. పదకొండయ్యేసరికి అది విడిపోయేది. కిటికీలో నీలం లైటు మిణుకుమంటుంటే, ఆ గది నిండా చప్పుడు లేని మాటలు. మిగతా పిల్లలూ నోరు మూసుకుని చేతులతో గుసగుసలాడటం నేర్చుకున్నారు. సారక్క ఒకరోజు తల్లికి చేతులతో ఏదో చెప్పింది. ముత్తమ్మకు అర్థం కాలేదు. మళ్లీ నిదానంగా చెప్పింది. "రాత్రి నాకు కల వచ్చింది" అని. బిడ్డకు కలలు వస్తాయని ఆ తల్లికి పదేళ్ల తర్వాత తెలిసింది. హాస్టల్ ఫారం నా సొరుగులో అడుక్కు జరిగింది.

దాన్నంతా చెడగొట్టింది నేను. ఒక పొద్దున తెర మీద చిన్న డబ్బా వచ్చింది, కొత్త అప్‌డేట్లు ఉన్నాయి, ఎక్కించమంటారా అని. పైనుంచి ఏది వచ్చినా చదవకుండా "సరే" అనడం మా ఉద్యోగపు జబ్బు. సర్క్యులర్ వస్తే సరే, యాప్ వస్తే సరే. నొక్కేశాను. అది ఏదేదో దించుకుని, ఆగి, మళ్లీ మొదలైంది. నీలం లైటు మాత్రం మొదలవలేదు.

గుట్ట ఎక్కి ఆయన భార్యకు ఫోన్ చేస్తే, సోమవారం వచ్చాడు. మనిషి కొంచెం పలచబడ్డాడు, ఎగపోస్తున్నాడు. తెర చదివి, నన్ను తిట్టలేదు. "లినక్స్‌కు కెర్నెల్ అని ఉంటది, పెద్ద ఇంజనీర్ లెక్క. నువ్వు కొత్త ఇంజనీర్‌ను తెచ్చి కూసోబెట్టినవ్. ఈ పరికరం పాతాయన మాటే వింటది. కొత్తాయనకు తగ్గ డ్రైవర్ తెస్త. అందాక ఎవ్వరు ముట్టొద్దు, ఇంకేం అప్‌డేట్ చేస్తరో మీరు." స్విచ్ ఆపి ఎర్ర అట్ట తగిలించాడు. సారక్క సంతకం పెట్టింది. ఆయన చేతులు దులుపుకున్నాడు. లాగ్‌బుక్ సంచిలో వేసుకుని, వానలో గొడుగు పట్టుకుని, ఎర్రమట్టి బాటలో నిదానంగా బస్సు దగ్గరికి వెళ్లాడు.

గురువారం పోయాడని శనివారం తెలిసింది. నిద్రలోనే, కష్టపడకుండా పోయాడట.

నేను ఆ బల్ల ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను. తర్వాత దసరా గుర్తొచ్చింది. నెల కూడా లేదు. వారం ఆగాను, పది రోజులు ఆగాను. సైగల టీచరమ్మ ఫోన్‌లో మెత్తగానే అడిగింది, "మేడమ్, మరి ఆ ఫారం?" ఆ మధ్యాహ్నం మనసు రాయి చేసుకుని, ఎవరినైనా పిలిపించి కంప్యూటర్ చూపిద్దామని ఆ అట్ట మీద చేయి వేశాను. సారక్క ఎక్కడి నుంచి ఉరికొచ్చిందో! నా మణికట్టు పట్టుకుని లాగి, స్విచ్‌బోర్డుకు వీపు ఆనించి, రెండు చేతులూ చాపి నిలబడింది. కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. ఆ కంప్యూటర్ వెలగకపోతే అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేది ఆ పిల్లే. అది తెలిసీ కదలలేదు. తాత ఇక రాడని చెప్పడానికి నాకు సైగ తెలియదు. తెలిసిన ముత్తమ్మకు చెప్పే ధైర్యం లేదు. పిల్ల రోజూ బస్సు వేళకు బాట వైపు చూసి వచ్చేది. నేను సొరుగు తెరిచి, అడుగునున్న ఆ ఫారాన్ని అన్నిటికంటే పైన పెట్టుకున్నాను.

అట్ట తగిలించిన పదిహేడో రోజున, బీ షిఫ్ట్ వాన ఇంకా ఎక్కకముందు, ఒక పెద్దావిడ బడి మెట్లెక్కింది. చేతిలో ఆయన సంచి. ఆయన భార్యేనని సంచి చూడగానే పోల్చుకున్నాను.

"దినాలు అయినంక తెచ్చిన బిడ్డా," అంది. సంచిలోంచి గళ్ల అట్టల పుస్తకం తీసింది. అందుకుందామని చేయి చాపాను. ఆమె ఇవ్వలేదు. "నీకు కాదంట. ఆ పిల్లకంట. పైన రాసి పెట్టిండు."

సారక్క వచ్చింది. ఆమె వెనక ఎవరైనా ఉన్నారేమోనని గుమ్మంలోంచి తొంగి చూసింది. ఆ పెద్దావిడ పుస్తకం బల్ల మీద పెట్టి, పిల్ల ముందు వంగి, గాజులు లేని రెండు చేతులూ ఎత్తి ఒకదానికొకటి రాసి నిదానంగా దులిపింది. బస్సు దారి మాత్రం చూపించలేదు. సారక్క ఆ చేతుల వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఆమె నడుము చుట్టూ చేతులు వేసి, మొహం ఆమె చీరలో దాచుకుంది. బయట టేకాకులు కూడా కదలడం లేదు.

పుస్తకం నేనే తెరిచాను. సోమవారం పేజీ. ట్యాగు వేశాను అని ఉంది. చార్జ్ ఇచ్చినవారు, ఆయన. చార్జ్ తీసుకున్నవారు, సారక్క. నేను ఆట అనుకున్న సంతకం అది. ఆ పిల్ల నాకు ఎదురు తిరిగింది మొండితనంతో కాదు, పదిహేడు రోజులుగా డ్యూటీలో ఉండి.

తర్వాతి పేజీ ఇంట్లో కూర్చుని రాసింది, మంగళవారం ఏ షిఫ్ట్. అక్షరాలు కొంచెం వంకరపోయాయి. "కొత్త డ్రైవర్ అక్కరలేదు. బస్సులో గుర్తొచ్చింది. కొత్త కెర్నెల్ వచ్చినా పాతది ఎక్కడికీ పోదు, లోపలే ఉంటుంది. స్విచ్ వేయగానే ఎస్కేప్ కీ నొక్కుతూ ఉండాలి. పేర్ల వరుస వస్తుంది. రెండోదానికి దిగి, అందులో పాత నంబరు ఎంచుకోవాలి. లైటు వస్తుంది. టీచరమ్మ ఇంక దేనికీ సరే అనకూడదు. నేను రాలేకపోతే ట్యాగు సారక్క తీయవచ్చు." కింద సంతకం, సమయం. పక్క గడి ఖాళీగా ఉంది.

ఆ పేజీ పిల్ల ముందు పెట్టాను. వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. అర్థం కాని చోట నా వైపు చూసింది, నాకు వచ్చిన సైగలతో నేను చెప్పాను. మళ్లీ మొదటి నుంచి చదివింది. పెన్ను తీసుకుని, నాలుక కొద్దిగా బయటపెట్టి, ఖాళీ గడిలో తన పేరు రాసింది. గోడ గడియారం చూసి సమయం వేసింది. అప్పుడు లేచి వెళ్లి, కాలివేళ్ల మీద నిలబడి, పురికొస ముడి విప్పింది. ఎర్ర అట్టను కింద పడకుండా బల్ల మధ్యలో పెట్టింది. స్విచ్ వేసింది.

పేర్ల వరుస వచ్చింది. రెండోదానికి దిగింది. పాత నంబరు వెతికి పట్టుకుంది. నల్లటి తెర మీద తెల్లటి వరుసలు పైకి పాకడం మొదలైంది. ఆయన ఉన్నట్టే, ఆ వరుసల వెంట వేలు కదుపుతూ నిలబడింది పిల్ల. ముత్తమ్మ ఎప్పుడొచ్చిందో, కిటికీలో పక్కకు ఒరిగిన జల్లిగిన్నెను నిటారుగా సర్ది అలాగే పట్టుకుంది. ఆమె చేయి పక్కన నీలం లైటు ఒకసారి మిణుకుమంది. ఆగింది. గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

నేను వెంటనే సైగల టీచరమ్మకు కాల్ పెట్టాను. తెర నిండా ఆమె మొహం. ఆమెకు ఆయన సంగతి నేను ముందే చెప్పాను గానీ, సారక్కకు తెలుసో లేదో ఆమెకు తెలియదు. జాగ్రత్తగా చేతులు కదిపింది. కంప్యూటర్ బాగు చేసింది ఎవరు అని అడుగుతోందని నాకు కూడా అర్థమైంది.

సారక్క రెండు అరచేతులూ ఒకదానికొకటి రాసి దులిపింది. కాసేపు ఆ చేతుల్ని గాలిలోనే ఉంచింది. తర్వాత కుడి అరచేయి తెచ్చి తన గుండె మీద పెట్టుకుంది.

నేను సొరుగులోంచి ఆ ఫారం తీసి నాలుగు మడతలు పెట్టాను. పడేద్దామని చెత్తబుట్ట కోసం చూశాను. అప్పటికే పాఠం మొదలైపోయింది.